మంచి తెలిసిన తర్వాత

నీతి అంటే ఏమిటని అడిగితే మనలో ఎవరూ తడబడరు. అబద్ధమాడకూడదు, పరుల సొమ్ము ఆశించకూడదు, సాటి మనిషిని ఏడిపించకూడదు. చిన్నప్పటి నుంచీ విన్నవే. తత్త్వశాస్త్రం చదువుకున్న నన్ను వదలని ప్రశ్న వేరే ఉంది. మంచేదో తెలిసి కూడా మనం ఎందుకు చేయలేకపోతున్నాం?

దీనికి జవాబు మన రాజమహేంద్రవరం చరిత్రలోనే ఉంది. వితంతువు మళ్లీ పెళ్లాడవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఈ ఊళ్లో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు గడిచిపోయాయి! ఊహ తెలియని వయసులో భర్తను పోగొట్టుకున్న ఆడపిల్లల కష్టం ఆ పాతికేళ్లూ అందరి కళ్లముందే ఉంది. జాలిపడ్డవాళ్లూ ఉన్నారు. అయితే వెలివేస్తారన్న భయం ముందు ఆ జాలి నిలవలేదు.

అది ఉత్త భయమూ కాదు. పంతులుగారి ఇంటికి వంటవాళ్లు రావడం మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నీళ్లు మోసుకొచ్చి, తానే వండి పెట్టారు. ‘వివేకవర్ధని’ పత్రికలో రాసింది ఆయన, సభల్లో వాదించింది ఆయన. ఆ మాటలకు నిలువ నీడ దొరికింది మాత్రం ఆవిడ కష్టం వల్లే. 1906లో పంతులుగారు హితకారిణీ సమాజం అనే సంస్థను స్థాపించి తన ఆస్తిని దానికే రాసిచ్చారు.

నీతికి నేను చెప్పగల అర్థం ఇదే: సరైనదని నమ్మిన పనికి అయ్యే ఖర్చు మనమే భరించడం. ఆ సత్తువ ఒక్కపూటలో రాదు. న్యాయమైన పనులు చేయగా చేయగానే మనిషి న్యాయవంతుడవుతాడని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ 2,300 ఏళ్ల కిందటే బోధించాడు. మంచి జీవితమంటే అలా అలవాటైన మంచితనంతో బతకడమే.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. కట్నం నేరమని 1961లో చట్టం వచ్చింది. కట్నం తప్పని తెలియనివాళ్లు ఈ సభలో ఎవరూ లేరు. ఆడపిల్ల తండ్రిగా ఉన్నప్పుడు ఆ మాట అనడం తేలిక. మగపిల్లవాడి తల్లిదండ్రులుగా కూర్చున్నప్పుడు, చుట్టాలందరి ముందు, ‘మాకు రూపాయి వద్దు’ అనండి. మీ ఇంట్లో నీతి ఆ రోజు మొదలవుతుంది.