మెతుకు కోసం కట్టిన గుడి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉపన్యాసకులము కాము. మెట్రిక్ దాకా చదువుకొని రైల్వేలో గుమాస్తా పని చేసుకొనే వారము. గత దసరా సెలవులలో మన చాల్ నుండి నాలుగు కుటుంబాలు కలిసి మెదకు చర్చి చూచి వచ్చిన సంగతి కార్యదర్శిగారి చెవిన పడింది. "ఆ ముచ్చట సభలో చెప్పండి" అని పట్టుబట్టినారు. అందుచేత నిలబడినాము.

ఉగాదినాడు చర్చి మాట ఏమిటని కొందరికి తోచవచ్చును. నిజానికి మేము బయలుదేరినది చర్చి కోసం కాదు. మంజీరా ఒడ్డున ఏడుపాయల వనదుర్గమ్మకు మొక్కు చెల్లించడానికి బయలుదేరినాము. మా చాల్‌లో అందరికీ పెద్దదిక్కు అయిన ఒక అవ్వ మాతో వచ్చింది. టిక్కెట్లు తీసుకొనేటప్పుడే ఆమె ఒక మాట అన్నది: "బిడ్డా, అమ్మవారి దర్శనమైనంక నన్ను మెదకు గుడికాడికి తోలుకపోవాలె. మా తాత తమ్ముడు ఆడ రాళ్ళు మోసిండట."

అవ్వ తాతగారు, ఆయన తమ్ముడు మెదకు దగ్గరి ఒక పల్లెవారు. మొదటి ప్రపంచ యుద్ధపు రోజులలో వానలు లేక, గింజ లేక ఊరు అల్లాడింది. అన్న బొంబాయి దారి పట్టినాడు. తమ్ముడు మెదకులో గుడి కడుతున్నారని, పని చేసినవారికి తిండి దొరుకుతుందని విని అటు వెళ్ళినాడు. "పంటలు పండినంక కలుద్దాం" అనుకున్నారట. మళ్ళీ కలవలేదు. ఒకసారి ఊరి నుండి ఉత్తరం వచ్చిందట. తాతకు చదువు రాదు. చదివి పెట్టేవారు దొరికేలోపల అది ఎక్కడో పోయింది. అందులో ఏమి వ్రాసి ఉన్నదో నేటికీ ఎవరికీ తెలియదు.

దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి బోరీబందరులో ఎక్కి మర్నాడు కామారెడ్డిలో దిగినాము. ఈ దారిని గురించి రైల్వేవారము గనుక ఒక మాట చెప్పుకోవాలి. హైదరాబాదు నుండి మన్మాడుకు లైను పడినది 1900 ప్రాంతంలో. అది మీటరుగేజి గనుక మన్మాడులో దిగి పెద్ద బండి ఎక్కవలసి వచ్చేది. నిజామాబాదు, మెదకు వైపుల నుండి మనవారిని ఎందరినో బొంబాయికి చేర్చిన దారి అదే. మెదకు పట్టణానికి మాత్రం రైలు రావటానికి 2022 దాకా పట్టింది. అక్కన్నపేట నుండి సుమారు 17 కిలోమీటర్ల లైను వేసినారు.

ఏడుపాయలలో మొక్కు తీర్చుకొని, మెదకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పొలాల మీదుగా దూరం నుండే శిఖరం కనిపిస్తుంది. దాని ఎత్తు 175 అడుగులు. దగ్గరకు పోయిన కొద్దీ మెడ వెనక్కు వాలుతుంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, అంతా రాతి కట్టడమే. లోపల ఒకేసారి 5,000 మంది కూర్చోవచ్చునంటారు.

మెట్ల దగ్గర మావాళ్ళు ఆగిపోయినారు. నుదుట అమ్మవారి కుంకుమ ఇంకా ఆరలేదు. "మనల రానిస్తరా?" అని ఒకరు, "పోవచ్చునా?" అని ఇంకొకరు. అక్కడ ఉన్న పెద్దమనిషి విని, "చెప్పులు విడిచి రండి, అన్ని కులాలవాళ్ళు, అన్ని మతాలవాళ్ళు వస్తరు" అన్నాడు. అప్పుడు అవ్వే ముందు నడిచింది.

ఈ గుడి కట్టించినవాడు చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లీషు దొర. 1895లో సికింద్రాబాదు వచ్చి, తెల్ల సైనికులకు మతబోధ చేస్తూ ఉండి, ఆ పని తృప్తినివ్వక మెదకు పల్లెలకు వచ్చినాడు. 1914లో పని మొదలయింది. ఆ వెనుకనే యుద్ధం, కరువు వచ్చినాయి. ఆకలితో వచ్చినవారికి ఊరక పెట్టేకన్న పని కల్పించి తిండి పెట్టడం మేలని పాస్నెట్ తలచినాడు. చుట్టుపట్ల పల్లెలవారు ఎంతోమంది ఆ పనితో ప్రాణాలు నిలుపుకొన్నారు. పదేళ్ళు పట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024తో నూరేళ్ళు నిండినాయి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఇప్పుడు ఇది మెదకు అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయము.

మెదకు అన్న పేరే మెతుకు నుండి వచ్చిందని, అది మెతుకుసీమ అని అక్కడివారు చెబుతారు. మెతుకుసీమలో మెతుకు లేని రోజున, మెతుకు కోసం కట్టిన గుడి అది.

లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణము వాటిమీద చిత్రించి ఉన్నాయి. ఇంగ్లీషు చిత్రకారుడు ఫ్రాంక్ శాలిస్‌బరీ వేసినవి. ఆరోహణము 1927లో, పుట్టుక 1947లో, సిలువ 1958లో అమర్చినారు. బయటి వెలుగు తగిలితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. పొద్దు గుంకితే లోపల ఎన్ని దీపాలు పెట్టినా అవి కనిపించవు.

ఆ కోసుగా పైకి లేచిన కమానులు చూస్తుంటే మాకు బోరీబందరు స్టేషను గుర్తుకు వచ్చింది. రెండూ గోథిక్ పద్ధతి కట్టడాలే. ఆ స్టేషను పని కూడా 1878లో మొదలై పదేళ్ళు పట్టింది. అది కట్టించిన ఇంజనీరు పేరు స్టీవెన్స్ అని పుస్తకాలలో ఉన్నది. ఇక్కడ పాస్నెట్ పేరున్నది, చిత్రకారుని పేరున్నది. రాళ్ళు మోసినవారి పేర్లు మాత్రం మాకు ఎక్కడా కనిపించలేదు. అవ్వ ఆ పెద్దమనిషినే అడిగింది. ఆయన పాపం చాలాసేపు ఆలోచించి, "వందలమంది చేసిండ్రమ్మా, పేర్లెవరు రాసిండ్రు" అన్నాడు.

అవ్వ ఒక స్తంభం దగ్గరకు పోయి దానిమీద చేయి వేసి నిలబడింది. ఆమె మనుమడు ఎనిమిదేళ్ళవాడు. "అవ్వా, మన తాత మోసింది ఏ రాయి?" అని అడిగినాడు. "ఏదైతేంది బిడ్డా, ఇండ్ల ఒకటి మనది" అన్నది. ఆ పిల్లవాడు ఊరుకోక, "తాత పేరేమి?" అన్నాడు. అవ్వకు తాత పేరు తెలుసు. తాత తమ్ముని పేరు తెలియదు. ఆమె కంట నీరు పెట్టుకొనడం మేము చూచినది అప్పుడే.

తిరుగు ప్రయాణంలో మాకు నిద్ర పట్టలేదు. అవ్వను చూచి జాలిపడినాము గాని, మా ముత్తాత పేరు మా పిల్లలడిగితే మేమేమి చెప్పగలము? కామాఠిపురా అన్న పేరు మనవారి వల్ల వచ్చింది. 18వ శతాబ్దం చివరి నుండి నిజాము రాజ్యపు పల్లెలు విడిచి వచ్చిన కామాఠీలు ఈ నగరపు రోడ్లకు, మేడలకు రాళ్ళు మోసినారు, సున్నము కలిపినారు. గల్లీకి మన పేరున్నది. మనుషుల పేర్లు లేవు. ఈ పాత చాల్‌లు కూల్చి కొత్త మేడలు కట్టే మాట నడుస్తున్నది. గోడలు పోతే పోనీయండి, పెద్దలతోపాటు పేర్లుకూడా పోతే మళ్ళీ రావు.

అందుచేత సభవారికి మా మనవి ఒకటే. సంఘం ఆఫీసులో ఒక లెడ్జరు పెట్టుదాము. మన ఇంటికి మొదట బొంబాయి వచ్చినవారు ఎవరు, ఏ ఊరు, సుమారు ఏ సంవత్సరము, ఏ పని చేసినారు, ఊళ్ళో ఎవరిని విడిచి వచ్చినారు అన్న అయిదు ముక్కలు ప్రతి ఇంటివారు వ్రాయించండి. వ్రాయను రానివారికి మేము వ్రాసి పెడతాము; డ్యూటీ దిగిన తరువాత రోజూ ఒక గంట కూర్చుంటాము. వచ్చే ఉగాది సంచికలో అచ్చు వేయిద్దాము.

మొదటి పుటలో అవ్వ తాత పేరు వ్రాసినాము. దాని క్రింద ఆయన తమ్మునికి ఒక వరుస ఖాళీగా విడిచినాము. ఈ సభలో మెదకు వైపువారు ఎవరైనా ఉంటే, మీ ఇళ్ళలో ఆ గుడి పనికి వెళ్ళినవారి మాట ఎప్పుడైనా విని ఉంటే, దయచేసి వచ్చి చెప్పండి. అవ్వ ముందు వరుసలోనే కూర్చుని ఉన్నది.