బావినీటి చీకటిలో బ్రతుకు జీవులు

(ముత్తుకూరులో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



రొయ్యల చెరువులును, మత్స్యశాస్త్ర కళాశాలయు గల ముత్తుకూరులో రొయ్యను గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుటయే యగును. కావున మీరెరిగిన రొయ్యను విడిచి, దాని దూరపు చుట్టములను గూర్చి మనవి చేసెదను. అవి గుహలలోని నీటి మడుగులలో, బావుల అడుగున, నదుల ఇసుక రేణువుల నడుమ నివసించును. వానిలో చాలవాటికి కన్నులు లేవు, రంగు లేదు. కొన్ని ఒక మిల్లీమీటరు పొడవైనను ఉండవు. అయినను రొయ్యవలె, పీతవలె అవియు పెంకు గల జీవులే, కీళ్ల కాళ్లు గల జీవులే.

ఇట్టి జీవి యొకటి ఐరోపాలోని ప్రాగ్ నగరమున ఒక బావిలో దొరకెను. వెయ్‌దోవ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు దానిని 1882లో లోకమునకు వెల్లడించెను. మన దేశమున కాశీ నూతులలో దొరకిన మరియొక కొత్త జీవిని చోప్రా, తివారి అను శాస్త్రజ్ఞులు 1950లో వర్ణించిరి. మన రాష్ట్రమున ఈ కృషిని పెంపొందించినవారు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య వై. రంగారెడ్డి గారు. కృష్ణా గోదావరి తీరపు డెల్టాలోని జీవి యొకదానిని వారును, వారి సహచరులును 2008లో ప్రకటించిరి. దాని గణము అంతకుముందు ఆసియా ఖండమున ఎచ్చటను కనబడలేదు. ఆస్ట్రేలియాలోను, న్యూజిలాండులోను, చిలీ దేశములోను మాత్రమే తెలిసియుండెను.

పల్నాటి సీమలో పిడుగురాళ్ల సమీపమున గుత్తికొండ బిలము గలదు. ముచుకుందుడు నిద్రించిన చోటని జనులు చెప్పుకొందురు. ఆ బిలములోని నీటిలో దొరకిన జీవికి 2011లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జార్జి విల్సన్, రంగారెడ్డి గారు కలిసి ‘ఆంధ్రకోయిడెస్ షాబుద్దీన్’ అని నామకరణము చేసిరి. శాస్త్రలోకమున ఆ గణమునకు ఆంధ్రదేశపు పేరే నిలిచినది. దాని కుటుంబమువారు పశ్చిమ ఆస్ట్రేలియాలోను, టాస్మేనియాలోను ఉన్నారు. సముద్రము దాటలేని జీవికి అంత దూరమున చుట్టములెట్లు కలిగిరి? సుమారు 13 కోట్ల ఏండ్ల క్రిందటి వరకు ఆ భూములును మన భూమియు ఒక్కటిగా నుండెను. భూమి చీలినది, చుట్టములు విడిపోయిరి.

ఈ జీవులను పట్టుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. బోరు గొట్టము నోటికి, మిల్లీమీటరులో పదియవ వంతుకన్న సన్నని కన్నులు గల వల కట్టి నీటిని వడగట్టుదురు. నదిలోనైనచో మనవారు చెలమ తీసినట్లే ఇసుకలో గుంట త్రవ్వి, ఊరిన నీటిని వడగట్టుదురు. కష్టమంతయు ఆ పిమ్మటనే. సూక్ష్మదర్శిని క్రింద సూదులతో ఒక్కొక్క కాలును విడదీసి, కీళ్లెన్ని, ముండ్లెన్ని, నోటి భాగము లెట్టివి అని లెక్కించి, బొమ్మ గీసి, తెలిసిన జాతులన్నింటితో పోల్చవలెను. ఎందును సరిపోలనప్పుడే అది కొత్త జాతి యగును. అప్పుడు పేరుపెట్టి, నమూనాను మ్యూజియమున భద్రపరతురు.

ఇంత శ్రమ యెందులకని మీరడుగవచ్చును. నారికురుపు వ్యాధిని పెద్దలు మరువలేదు. ఆ పురుగు పిల్లను మోసినది సైక్లోప్స్ అను నీటిజీవి. అదియు ఈ వర్గమునకు చెందినదే. జనులు దిగి నీరు ముంచుకొను దిగుడు బావులలో అది వ్యాధిని వ్యాపింపజేసెను. దోషి యెవరో తెలిసినందుననే నీటిని వడగట్టుకొనుడని, దిగుడు బావులు మార్చుడని చెప్పగలిగిరి. 1996 తరువాత మన దేశమున ఆ వ్యాధి కనబడలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశమును ఆ వ్యాధినుండి విముక్తమైనదిగా ప్రకటించెను. ఏ జీవి హాని చేయునో, ఏది చేయదో తెలుపునదే వర్గీకరణము. భూగర్భపు జీవులు సూక్ష్మక్రిములను, కుళ్లిన పదార్థమును తిని బ్రతుకును. వానిని చూచి భయపడ పనిలేదు.

భయపడవలసినది మన చేతల వలననే. ఈ జీవులు పుట్టిన చోటు విడిచి పోలేవు. కొన్నింటికి ఒక్క గుహయే లోకము. ఆ నీరు చెడినచో అవి మరియొక చోట మిగులవు. తీరమున మంచినీటిని మితిమీరి తోడినచో ఉప్పునీరు లోనికి చొచ్చును. అప్పుడు వానికిని దిక్కులేదు, మనకును దిక్కులేదు.

కావున సభ్యులకు నా మనవి యిది. పాడుబావిని చెత్తగుంటగా మారనీయకుడు. పైన వేసినది అడుగున అందరి నీటిలో కలియును. చెరువుల మురుగు, మందుల నీరు త్రాగునీటి బావుల దాపునకు రానీయకుడు. కొత్త బోరు వేయుటకును, ఇసుక తీయుటకును 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము హద్దులు విధించినది. వానిని మీ గ్రామమున అమలు జరిపించుడు. వల చేతబట్టి విద్యార్థి యెవడైన మీ బావి చూడవచ్చినచో, వలదనక చేద అందించుడు. లోకమెరుగని జీవి మీ ఊరి నీటిలోనే ఉండవచ్చును. దానిని కనుగొనువరకైనను ఆ నీరు చెడకుండ చూచు భారము మీది.