చీటీల మీద కృష్ణశాస్త్రి సంభాషణ

గోదావరి జిల్లాలోని పిఠాపురం సంస్థానంలో తండ్రి, పెదతండ్రి ఆస్థాన కవులుగా ఉండగా, ఆ ఇంటి పద్యాల నడుమ 1897లో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి చిన్ననాడే కవిత్వం మీద మనసు పెట్టుకొని, 1925లో కృష్ణపక్షంతో భావకవిత్వానికి, అనగా వ్యక్తి అనుభూతికి పెద్దపీట వేసిన కవితారీతికి, ప్రతినిధిగా నిలిచారు.

మంచి వక్తగా పేరుపొంది, ఆకాశవాణిలోనూ పనిచేసిన ఆయన, 1963లో గొంతు క్యాన్సర్ వల్ల మాట కోల్పోయారు. ఊపిరిని ధ్వనిగా మార్చే స్వరపేటికను దెబ్బతీసే ఈ వ్యాధి బుద్ధిని, ఊహను తాకదు. ఎదుటివారు నోటితో పలకరిస్తే, ఆయన కాగితపు చీటీ మీద జవాబు రాసి, తరచుగా ఒక చమత్కారం కూడా జోడించి, చేతికి అందించేవారు. కవిత్వంలో విషాదాన్ని ఎంతగానో ప్రేమించిన మనిషి అసలైన ఆపద వచ్చినప్పుడు నవ్వునే ఆశ్రయించడం విమర్శకులు మరికొంత పట్టించుకోవలసిన విషయం.

ఆ తరువాత కూడా సినిమా పాటలు రాస్తూనే ఉన్న ఆయనకు 1976లో పద్మభూషణ్ లభించింది. 1980లో మరణించిన రెండేళ్లకు వచ్చిన మేఘసందేశం చిత్రంలో, అడవిలో చెట్టూచేమలతో ఒకటైపోవాలని యౌవనంలో ఆయన కన్న కల పాటగా వినిపించింది.