అవ్వగారి తాళము తప్పలేదు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మగ్గముల మోత వింటూ పెరిగిన అరుప్పుకోట్టై వారికి లయను గూర్చి చెప్పబూనుట సాహసమే. అయినను ఈ యేడు మేము చేసిన ఒక పొరపాటును ఒప్పుకొనుటకైనా ఈ నాలుగు మాటలు చెప్పక తప్పదు.

మన పెద్దలు పాడు కోలాటపు పాటలు వారితోనే పోరాదని కంప్యూటరులో భద్రపరుపబూనితిమి. సీక్వెన్సరులో డప్పు, తాళములు అమర్చి, హెడ్‌ఫోనులో వినిపిస్తూ ఒక అవ్వగారిచేత పాడించితిమి. తిరిగి వినగా పాట తాళమునకు వెనుకబడినది. తప్పు ఆమెదేయని మూడుసార్లు పాడించితిమి. ఆమె కోపగించలేదు. “నాయనా, నా కోల తప్పలేదే” అని మాత్రము అన్నది.

ఆ మాట మనస్సులో గుచ్చుకొన్నది. హెడ్‌ఫోనును మైకు దగ్గర పెట్టి, తాళపు టిక్కు శబ్దమునే రికార్డు చేసి చూచితిమి. అదియు ఆలస్యముగానే పడినది! ప్రతిసారి అంతే దూరము, 46 మిల్లీసెకన్లు.

కారణమేమనగా, కంప్యూటరు శబ్దమును చుక్కచుక్కగా గాక దోసిళ్ళతో అందించును. ఆ దోసిలికి బఫరని పేరు. సెకనుకు 48,000 శాంపిళ్ళ లెక్కన 1,024 నిండుటకు 21 మిల్లీసెకన్లు పట్టును. పోవుటకొకటి, వచ్చుటకొకటి. మిగిలినది ఇతర పరికరముల పాలు. ఈ ఆలస్యమును డ్రైవరు సరిగా తెలిపినచో సాఫ్ట్‌వేరే సవరించుకొనును. మా డ్రైవరు తెలుపలేదు. కొలిచిన అంకెను సెట్టింగులలో మేమే వ్రాసితిమి. బఫరును తగ్గింపవచ్చును గాని, మరీ తగ్గించిన చిటపటలు పుట్టును. బ్లూటూత్ హెడ్‌ఫోను ఈ పనికి బొత్తిగా పనికిరాదు.

తేడా పాట సాగినకొలది పెరుగుచున్నచో వ్యాధి వేరు. గాత్రమును ఫోనులో, తాళమును కంప్యూటరులో పట్టిన, రెండు గడియారములు సమముగా నడువవు. పది లక్షలకు 50 పాళ్ళ తేడాయే అయినను 20 నిమిషములకు 60 మిల్లీసెకన్లగును. 48,000 మీద పట్టినదానిని 44,100 మీద నడిపినచో పది సెకన్ల పాట దాదాపు పదకొండు సాగి, శ్రుతియు దిగును. ఒకసారి ముందు, ఒకసారి వెనుక పడుచున్నచో యంత్రముపై భారమెక్కువని అనుమానించి, తక్కిన ప్రోగ్రాములు మూసి చూడుడు.

మా కుర్రవారు క్వాంటైజు అను మీట నొక్కి స్వరములన్నిటిని గీతలమీద నిలిపిరి. పాట కవాతువలె నైనది! వెంటనే రద్దు చేయించితిమి.

అవ్వగారి మొదటి పాటను మేము చెరిపివేయలేదు. దానినే 46 మిల్లీసెకన్లు ముందుకు లాగితిమి. ఈ సాయంత్రము కోలాటమునకు మ్రోగునది అదే. ముందు వరుసలో కూర్చున్న అవ్వగారు మమ్ము క్షమింతురుగాక.