పశువైద్యవృత్తి — పెద్దల బాధ్యత
(మహాసభయందు చదివిన ఉపన్యాసము)



సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న మావంటివారిని పశువైద్యవృత్తిని గూర్చి మాటలాడుడని కార్యనిర్వాహకులు కోరుట మీలో కొందఱకు వింతగా తోచవచ్చును. రోగనిదానము మాకు తెలియదు. సూది వేయుట అంతకంటె తెలియదు. కాని పశువైద్యులైన శిష్యులు మాకు కలరు. వారి కష్టసుఖములు మేమెఱుగుదుము. అందుచే వైద్యమును గూర్చి గాక వైద్యుని గూర్చియే కొన్ని మాటలు మనవి చేయ దలచితిమి.

గొల్ల కురుమలమైన మనకు మందయే ధనము. 2019 సంవత్సరపు 20వ పశుగణనము ననుసరించి తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షలును, ఆంధ్రప్రదేశమున సుమారు 1 కోటి 76 లక్షలును గొఱ్ఱెలు కలవు. ఈ సంఖ్యయందు భారతదేశమున మొదటి రెండు స్థానములును తెలుగునాళ్లవే. ఇంత ధనమునకు రక్షణ యెంతటిది? చిటుకురోగము సోకినచో సాయంకాలము కడుపునిండ మేసి వచ్చిన జీవము తెల్లవారునప్పటికి దొడ్డిలో చచ్చి పడియుండును. పారుడురోగము, నీలినాలుక, మశూచి మందలో ప్రవేశించినచో కాపరి యేండ్ల కష్టము కొలది దినములలో మట్టి గలియును. వేళకు టీకా వేయించుటయే వీనికి తగిన రక్షణ. ఆ వేళ చెప్పువాడు పశువైద్యుడు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. అశోక చక్రవర్తి తన రెండవ శిలాశాసనమున మనుష్యులకును పశువులకును వేర్వేఱుగా చికిత్స లేర్పఱచితినని చెప్పించెను. కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి కొండఱాళ్లమీద ఆ శాసనము నేటికిని చూడవచ్చును. ఆధునిక పద్ధతిని ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున 1761లో మొదటి పశువైద్య పాఠశాల వెలసెను. చెన్నపట్టణమున 1903లోను, హైదరాబాదున 1946లోను కళాశాలలు కలిగెను. ఆంధ్ర రాష్ట్రమునకు 1955లో తన కళాశాల లభించెను. అదియే తిరుపతి కళాశాల. 2005లో తిరుపతియందు పశువైద్య విశ్వవిద్యాలయమే యేర్పడెను. వేల యేండ్లు పశువులను తుడిచిపెట్టిన రిండర్‌పెస్టను మహామారి భూమండలమున నిశ్శేషమైనదని 2011లో ప్రకటింపబడినది. ఇట్లు విద్య కలదు, విద్యాలయములు కలవు, మందులును కలవు. మఱి లోపమెచ్చట? మా యనుభవములోని యొక సంగతి చెప్పెదము.

కొన్నేండ్ల క్రిందట మా శిష్యుడొకడు, గొఱ్ఱెలకాపరి కుమారుడు, పశువైద్య కళాశాలలో సీటు సంపాదించెను. ఆ యేటి సభలో అతనికి పూలమాల వేసి, శాలువ కప్పి, ఛాయాపటము తీయించితిమి. అతడు ఐదున్నరేండ్ల చదువు ముగించి యొక మారుమూల పశువుల ఆసుపత్రిలో చేరెను. మూడవ నెలలో నొకనాటి రాత్రి, తొలిచూలు గేదె యీనలేక బాధపడుచున్నదని పిలుపు వచ్చెను. దూడ అడ్డము తిరిగియుండెను. కళాశాలలో గురువులు ప్రక్క నుండగా చేసిన పని వేఱు. పాకలో చేతిదీపపు వెలుగున, ఏడ్చుచున్న ఇల్లాలి యెదుట, ఒంటరిగా చేయవలసిన పని వేఱు. తెల్లవారుసరికి గేదెయు దూడయు రెండును పోయినవి. ఊరివారు నోటికి వచ్చినట్లాడిరి. అంతకంటె నేమి చేయదగియుండెనో, తన తప్పెంతయో, విధి యెంతయో చెప్పగల అనుభవశాలి అతనికి ఒక్కడును తెలియడు. ఆఱు నెలలకు ఆ కొలువు విడిచి, వేఱు పరీక్ష వ్రాసి, బ్యాంకు గుమాస్తాయై పోయెను.

ఈ సంగతి మాకు తెలియునప్పటికి రెండేండ్లు గడచినవి. "మాస్టారూ! మాల వేసిననాడు సభనిండ జనులుండిరి. ఆ రాత్రి ఫోను చేయుటకు ఒక్కరి పేరును నాకు తోచలేదు" అని యతడనినప్పుడు మేము తల వంచుకొంటిమి. ఆ శాలువ కప్పిన చేతులు మావే. అతనిని మరచినవారమును మేమే.

విరాటపర్వము విన్నవారికి నకుల సహదేవుల కథ జ్ఞప్తియందుండును. నకులుడు దామగ్రంథియను పేర అశ్వములను, సహదేవుడు తంత్రీపాలుడను పేర గోగణములను రక్షించుటకు విరాటుని కొలువున చేరిరి. ఆ విద్యలయందు వారికి సాటివారు లేరు. అయినను, పాండవులు కొలువునకు బయలుదేరుటకు ముందే పురోహితుడైన ధౌమ్యుడు వారిని చేరదీసి, సేవకుడు ఎట్లు మెలగవలయునో, ఎప్పుడు మాటలాడవలయునో, ఎప్పుడు ఊరకుండవలయునో విస్తరముగా బోధించెను. విద్య యున్నంత మాత్రమున వృత్తి నడవదని ఆ పెద్దకు తెలియును. నాయకత్వమనగా నిదియే యని మా తలంపు. వేదికమీద ముందువరుసను కూర్చుండుట నాయకత్వము గాదు. తొలిసారి కొలువునకు పోవు పిన్నవాని ప్రక్క నిలుచుట నాయకత్వము.

ఈ యవసరమును ఇతర దేశములవారును గుర్తించిరి. బ్రిటనులో పశువైద్యవృత్తిని నియమించు రాయల్ కాలేజి ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ అను సంస్థ క్రొత్తగా పట్టము గొన్నవారికొఱకు 2021లో నొక ప్రణాళికను ప్రారంభించెను. దాని ననుసరించి, పనిచేయుచోటనే, శిక్షణ పొందిన సలహాదారుడొకడు క్రొత్త వైద్యునికి తోడుండి అతని యభివృద్ధిని చూచుచుండును. ధౌమ్యుడు చేసిన పనియే యిది!

క్రొత్త వైద్యునికి కావలసినది మందుల జ్ఞానము మాత్రము కాదు. తన తండ్రి వయస్సుగల సిబ్బందిచే నొప్పించక పని చేయించుకొనుట, పశువు బ్రదుకదని రైతుతో మెత్తగా నిజము చెప్పుట, టీకాలకు మొగము చాటువేయు కాపరులను ఒప్పించుట, లెక్కలు సరిగా వ్రాయుట, తాను అలసినప్పుడు సిగ్గుపడక తోడు కోరుట, ఇవన్నియు నేర్వవలసినవే. వీనిని పుస్తకమునుండి గాక పెద్దలనుండియే నేర్వవలయును.

కావున ఈ మహాసభవారికి మేము నాలుగు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది: పట్టము గొన్న ప్రతి యువకునికిని యువతికిని ఇద్దరు పెద్దలను కుదుర్పవలయును. ఒకరు అనుభవజ్ఞులైన పశువైద్యులు. అర్ధరాత్రమందైనను ఫోనునకు పలుకువారు. రెండవవారు మంద మేపి తలనెఱసిన కాపరి. జీవముల నడతయు, కాపరుల మనస్సును తెలిసినవారు. మొదటి రెండేండ్లు ఈ బంధము తెగరాదు.

రెండవది: స్వంతముగా వైద్యశాల పెట్టుకొనువారికి పనిముట్ల కొఱకు వడ్డీలేని ఋణమియ్యవలయును. ప్రభుత్వోద్యోగ మొక్కటియే దారి కాదు. పాడిసంఘములు, కోళ్ల పరిశ్రమ, టీకాల తయారి, పరిశోధన, పట్టణములలో కుక్కలకును పిల్లులకును వైద్యము, ఇన్ని దారులు కలవని మన పిల్లలకు ముందే తెలుపవలయును.

మూడవది: నేడు ఈ కళాశాలలలో ఆడపిల్లలు పెక్కుమంది చదువుచున్నారు. వారు పనిచేయు గ్రామములలో మంచి యిల్లు చూపుట, రాత్రివేళ పిలుపు వచ్చినప్పుడు నమ్మకమైన తోడు పంపుట అచ్చటి మన కుటుంబముల పూచీ కావలయును.

నాలుగవది: ఏటేట ఈ సభయందే పశువైద్యులకొక పూట కేటాయింపవలయును. అచ్చట గెలుపులనే గాక పోగొట్టుకొన్న పశువులను గూర్చియు నిర్భయముగా చెప్పుకొనవలయును. పెద్దవైద్యుడు తన తప్పును తానే చెప్పిననాడు చిన్నవానికి ధైర్యము కలుగును.

ఒక్క మాట చెప్పి విరమించెదము. ఈ సహాయము మన పిల్లలతో మొదలగుగాక, వారితోనే ముగియరాదు. పశువునకు కులము లేదు. ఏ కులపు రైతు దొడ్డిలో పశువు బాధపడినను మన వైద్యుడు పరుగెత్తవలయును. ఏ కులపు యువవైద్యుడు సలహా యడిగినను మన పెద్ద పలుకవలయును. అప్పుడే మన సంఘమునకు గౌరవము.

పోషక మహాశయులారా! శాలువలకు వ్యయపఱచు ద్రవ్యములో సగమైనను ఈ పనికి మరలింపుడని వేడుచున్నాము. మా వంతుగా ఒక నెల పింఛను ఈ నిధికి సమర్పించుచున్నాము. ఇక నే చదువరియు అట్టి రాత్రి యొంటరిగా నుండకుండుగాక యని కోరుచున్నాము.