కొహోబా వృక్షము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



తుమ్మచెట్టు నెరుగనివారు ఈ సభలో నుండరు. ఆ తుమ్మకు దక్షిణ అమెరికాఖండమునను, కరిబియన్ ద్వీపములందును ఒక దాయాది వృక్షము కలదు. శాస్త్రజ్ఞులు దాని ప్రజాతిని ఆనడెనాన్థెరా యందురు. ఇందు జాతులు రెండే. చింతాకుకంటె చిన్నవైన ఆకులు, బంతులవంటి పూగుత్తులు, చదునైన పొడవుకాయలు, వానిలో నిగనిగలాడు గింజలు. బ్రెజిలు దేశీయులు దీని బెరడుతో, మనవారు తుమ్మచెక్కతోవలెనే, తోళ్లు పదును చేయుదురు. అయితే ఈ చెట్టునకు పేరు తెచ్చినది బెరడు కాదు, గింజ. దానియందు మనస్సును మార్చు ద్రవ్యములు కలవు.

ఆ సంగతి అచటి ఆదివాసులకు అతిప్రాచీనకాలముననే తెలియును. అర్జెంటీనాలోని యొక గుహయందు ఈ గింజలతో కూడ దొరకిన ఎముకగొట్టములు నాలుగువేల యేండ్లనాటివి. బొలీవియాలో దొరకిన వేయేండ్లనాటి మూటలో నస్యపు పలకలును, మూడు నక్కమూతులను కలిపి కుట్టిన సంచియు నుండెను. 2019లో ప్రకటింపబడిన పరీక్షలో ఈ గింజలలోని ద్రవ్యమే ఆ మూటయందు కనబడినది.

ఈ ఆచారమును తొలుత అక్షరబద్ధము చేసినవాడు రామోన్ పానె యను క్రైస్తవ సన్యాసి. కొలంబసు ఆజ్ఞచే ఆతడు హిస్పానియోలా ద్వీపమున తైనో జనులమధ్య నివసించి, వారి భాష నేర్చి, 1498 ప్రాంతమున తన వృత్తాంతమును ముగించెను. కాగితము చాలలేదనియు, తొందరలో వ్రాయుటచే ఒకచోట నుండవలసినది మరియొకచోట చేరినదనియు ఆతడే విన్నవించుకొనెను. ఆ తొందరవ్రాతలోనే యొక కథ కలదు. దారిని పోవువాని కొక చెట్టు వేళ్లు కదలించుచు కానవచ్చును. వాడు బెదరి నీవెవరవని యడుగగా, వైద్యుని పిలువుమని చెట్టు చెప్పును. వైద్యుడు వచ్చి, ఈ గింజల పొడియగు కొహోబాను నస్యముగా పీల్చి, వినయముతో దాని పేరడిగి, దాని ప్రతిమ యెట్లుండవలెనో దానివలననే తెలిసికొని, ఆ పిమ్మటనే నరకుటకు పూనుకొనును. రోగికి చికిత్స చేయునపుడును రోగి పాటింపవలసిన నియమములను వైద్యుడును పాటింపవలెను. ఇట్టిదానిని వట్టి మత్తుగా నెంచుట అన్యాయము.

తైనోలు యుద్ధములకును, వెట్టిచాకిరికిని, మశూచికిని గురియై అర్ధశతాబ్దములోనే నామమాత్రావశిష్టులైరి. పానె వ్రాసిన మూలప్రతియు పోయినది. కొలంబసు కుమారుడు రచించిన తండ్రి జీవితచరిత్రలో చేరి, 1571లో వెనిసు నగరమున అచ్చయిన ఇటలీ భాషానువాదమే నేడు మిగిలినది.

అంతటితో చిక్కు తీరలేదు. కొహోబా యనగా పొగాకే యని పండితులు చాలకాలము నమ్మిరి. 1916లో అమెరికను వృక్షశాస్త్రజ్ఞుడు శాఫర్డు పాత వృత్తాంతములను శోధించి, అది ఈ చెట్టు గింజయే యని తేల్చెను. హంబోల్టు వంటి మహాపండితుడే 1800లో ఓరినోకో తీరమున ఒటొమాకులు ఈ నస్యమును పీల్చుట చూచి, ఉద్రేకమునకు కారణము గింజ కాదు, అందు కలిపిన సున్నమే యని పొరబడెను. తాంబూలమున సున్నమేమి చేయునో, వక్క యేమి చేయునో మన పల్లెటూరి అవ్వనొకతెను అడిగియున్నచో ఆయనకా పొరపాటు రాకుండెడిది! 1954లో రసాయనజ్ఞులు గింజలనుండి బుఫొటెనిన్ అను ద్రవ్యమును వేరుచేసిరి. గోదురుకప్పల చర్మమున మున్నే కనుగొనబడిన ద్రవ్యమది. పేరును కప్పనుండి వచ్చినదే.

ఇంకొక సంగతి. రిచర్డ్ స్ప్రూసు అను ఆంగ్లేయుడు 1854లో ఓరినోకో తీరమున గ్వాహిబో జనుల యొద్ద నస్యపు పరికరములను కొని, రసాయనపరీక్షకై గింజలను సేకరించెను. ఆయన జీవితకాలమున వాని నెవ్వరును పరీక్షింపలేదు. భద్రముగా దాచబడిన ఆ గింజలను వెలికితీసి విశ్లేషించిన ఫలితము 1977లో గాని వెలువడలేదు. నూరేండ్లు దాటినను వానియందు బుఫొటెనిన్ ఇంకను నిలిచియుండెను.