సూర్యుడి మచ్చలను కొలవడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తొమ్మిదో తరగతిలో మా సైన్సు అయ్యవారు చిన్న టెలిస్కోపుతో సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేట్టు చేశారు. టెలిస్కోపులో కన్ను పెట్టొద్దని గట్టిగా చెప్పి, బింబంలోని నల్లమచ్చను రోజూ మా చేత గీయించారు. మచ్చ అంచుకు చేరేకొద్దీ సన్నబడింది. "మచ్చ చిన్నదైపోతా ఉంది అయ్యవారూ" అన్నాను. ఆయన బంతి మీద సుద్దతో చుక్క పెట్టి తిప్పి చూపించారు. చుక్క తగ్గలేదు, పక్కకు తిరిగిందంతే.

ఇప్పటికీ ఆ వంపును లెక్కలో సరిచేసే కొలుస్తారు. మన వైపున్న సూర్యార్ధగోళాన్ని పదిలక్షల భాగాలు చేసి, మచ్చ అందులో ఎన్ని భాగాలో చెబుతారు. భూమి బిళ్ళంత మచ్చ సుమారు 42 భాగాలు. 2024 మే నెలలో లడఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబారడానికి కారణమైన మచ్చల గుంపు దాదాపు 2,400.

కొడైకెనాల్ అబ్జర్వేటరీ 1904 నుంచి సూర్యుణ్ణి ఫొటోలు తీస్తోంది. బింబం 20 సెంటీమీటర్లుంటే అందులో భూమి రెండు మిల్లీమీటర్లయినా ఉండదు. పైగా గాలి కదలికకు మచ్చల అంచులు అలుక్కుపోతాయి. అంతరిక్షంలో ఆ బెడద లేదు. నాసా వారి ఎస్‌డీఓ 2010 నుంచి, శ్రీహరికోట నుంచి 2023లో వెళ్ళిన మన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు, అక్కడి నుంచే చూస్తున్నాయి.

అయితే పాత కొలతలు పారేయాలా? సూర్యుడి చక్రం ఒక్కటే సుమారు 11 ఏళ్ళు. ఎస్‌డీఓ ఇంకా రెండు చక్రాలు పూర్తిగా చూడలేదు. గ్రీనిచ్ అబ్జర్వేటరీ లెక్కలు 1874 నుంచి 1976 దాకా ఉన్నాయి. ఆ తర్వాతి అమెరికా కేంద్రాల కొలతలు తక్కువగా వచ్చాయి కాబట్టి వాటిని సుమారు 1.4తో హెచ్చించి కలుపుతారు. అలా కలపకపోతే సూర్యుడే చిక్కిపోయాడనుకుంటాం. తొమ్మిదో తరగతిలో నేను చేసిన తప్పే అది.

ఉద్యోగంలో మీటరు మార్చినప్పుడల్లా పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కనే నడిపించాను. కొలతకు నమ్మకం అక్కడే వస్తుంది.

నా ఆనాటి నోటుబుక్కును ఇల్లు మారేటప్పుడు పాతకాగితాల వాడికి వేసేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే సంఘానికి నా మనవి: మూడు ఊళ్ళలో మూడు బడులకు చిన్న టెలిస్కోపులు ఇద్దాం. పిల్లలు అయ్యవార్ల ఎదుట ఒకే వేళకు మచ్చలు గీసి పోల్చుకోనీ. మొదటి టెలిస్కోపు ఖర్చు నాది. ఆ నోటుబుక్కులు దాచే బీరువా మాత్రం మన బడిలోనే ఉండాలి.